ఒట్టి ‘గిట్ పుష్’తో నా పంచాయితీ

మా ఆఫీసులో కొత్తగా ఎవరు చేరినా వాళ్ల లాప్‌టాప్‌లో నేను మొదట మార్చేది ఒక్క సెట్టింగ్. ప్రోగ్రాం కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే సాధనం గిట్, ఆ మార్పులను మన లాప్‌టాప్ నుంచి సర్వర్‌కు పంపడమే పుష్. దాంట్లో పుష్ డాట్ డిఫాల్ట్ అని ఒకటుంటుంది. దాన్ని ‘నథింగ్’ అని పెడతాను. ఆ తర్వాత వాళ్లు ఊరికే ‘గిట్ పుష్’ అని కొట్టి ఎంటర్ నొక్కితే ఏదీ కదలదు. ఏం పంపాలో చెప్పలేదు కదా అని గిట్ మొండికేస్తుంది. ఏ రిమోట్‌కి (అవతలి సర్వర్‌కి), ఏ బ్రాంచి (ఒక్కో పనికి విడిగా తీసిన పాయ) అని పేర్లు పెట్టి అడిగితేనే పంపుతుంది.

మొదటి వారం అందరూ తిట్టుకుంటారు. పోయిన జూన్‌లో చేరిన పిల్లగాడైతే మొహం మీదే అడిగేశాడు. “సార్, రోజుకు ఇరవై సార్లు పుష్ చేస్తం. ఇరవై సార్లు పేరు రాయాల్నా? నేను ఏ బ్రాంచిల ఉన్ననో గిట్‌కు తెలుసు కదా?”

గిట్‌కు తెలుసు. నీకు తెలుసా అన్నదే నా ప్రశ్న.

వాడికి ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. క్లయింటు ఫోను వచ్చింది, మాట అక్కడే తెగింది. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాను.

ముందు మా పని ఏమిటో చెప్పాలి, లేకపోతే ఇంత పట్టింపు ఎందుకో అర్థం కాదు. హన్మకొండలో ఏడుగురం పనిచేసే చిన్న ఆఫీసు మాది. ఎనుమాముల మార్కెట్లో అడ్తి (కమీషన్) దుకాణాలకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తాం. రైతు పత్తో మిర్చో తెస్తాడు, కాంటా అవుతుంది, రేటు పడుతుంది, హమాలీ, దడ్వాయి (తూకందారు) ఖర్చులు పోను చేతికి ఎంత వస్తుందో తక్‌పట్టీ (లెక్క చీటీ) మీద ప్రింటయి రావాలి. దసరా తర్వాత పత్తి, సంక్రాంతి దాటాక మిర్చి. ఆ నెలల్లో తక్‌పట్టీ పది నిమిషాలు ఆగితే దుకాణం ముందు ఆటోల వరస రోడ్డెక్కుతుంది. మా రిపోజిటరీలో, అంటే కోడ్ అంతా దాచే చోట, ‘యార్డు’ అని ఒక బ్రాంచి ఉంది. దాంట్లోకి ఏది వెళ్తే అది కాసేపట్లో దుకాణాల కంప్యూటర్లలోకి దిగుతుంది. మధ్యలో ఇంకొక మనిషి లేడు. పెద్ద కంపెనీల్లో ఇట్లా ఉండదని నాకూ తెలుసు. ఏడుగురి ఆఫీసుల్లో ఇట్లాగే ఉంటుందని కూడా తెలుసు.

ఇక అసలు కథ. 2013లో నేను వేరే చోట పనిచేసేవాణ్ని. ఆ చోటి పేరు ఇక్కడ అక్కర్లేదు, తప్పు నాది. మా మెషీన్లన్నిటిలో ఉబుంటు 12.04 ఉండేది, దాంతోపాటు వచ్చిన గిట్ 1.7.9. అప్పట్లో పుష్ డాట్ డిఫాల్ట్ ఎవరూ ముట్టుకోకపోతే ‘మ్యాచింగ్’ అని ఉండేది. అంటే, నీ దగ్గరా సర్వర్ దగ్గరా ఒకే పేరుతో ఏయే బ్రాంచిలున్నాయో అవన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. నువ్వు నిలబడ్డ బ్రాంచి ఒక్కటే కాదు, అన్నీ.

మామూలు రోజుల్లో దీనివల్ల పెద్దగా నష్టం ఉండదు. నీ దగ్గరి మాస్టర్ (అందరికీ ఉమ్మడిగా ఉండే ముఖ్య బ్రాంచి) పాతదైతే సర్వర్ ఒప్పుకోదు. నీకన్నా నా దగ్గరే కొత్తది ఉంది పో అంటుంది. ఆ ఎర్రగీతలు చూసీచూసీ మాకు అలవాటైపోయింది. మా బ్రాంచి పోయిందా లేదా అన్నది ఒక్కటే చూసుకుని మిగతా తిరస్కారాలను పట్టించుకునేవాళ్లం కాదు. ప్రమాదానికి పునాది అక్కడే పడింది. రోజూ వచ్చే హెచ్చరిక కొన్నాళ్లకు గోడ గడియారం చప్పుడులాగా అయిపోతుంది.

ఒక శుక్రవారం సాయంత్రం నా బ్రాంచిని రీబేస్ చేశాను, అంటే నా మార్పులను కొత్త పునాది మీద మళ్లీ పేర్చాను. రీబేస్ చేస్తే పాత కమిట్లు (గిట్‌లో దాచిన ఒక్కొక్క మార్పు) పోయి కొత్తవి పుడతాయి కాబట్టి మామూలు పుష్ చెల్లదు, ఫోర్స్ చేయాలి, అంటే సర్వర్ మీదున్నదాన్ని బలవంతంగా తిరగరాయాలి. చేశాను. బ్రాంచి పేరు రాయలేదు. రాయాలని తెలియదు. తెరమీద మూడు లైన్లు వచ్చాయి, మూడిటి ముందూ కూడిక గుర్తు, చివర ‘ఫోర్స్‌డ్ అప్‌డేట్’ అన్న మాట. నేను పంపాలనుకున్నది ఒక్కటి. మిగిలిన రెండిట్లో ఒకటి మాస్టర్. నా దగ్గరి మాస్టర్ అప్పటికి తొమ్మిది రోజుల పాతది. సర్వర్ మీది మాస్టర్ కూడా తొమ్మిది రోజులు వెనక్కి వెళ్లి కూర్చుంది.

కాళ్లూ చేతులూ ఆడలేదు. నేను చేసిన మొదటి పని ఆ టెర్మినల్ మూసేయడం. ఎవరైనా చూస్తారేమోనన్న టెన్షన్. ఇది ఎంత తెలివితక్కువ పనో తర్వాత తెలిసింది. ఆ మూడు లైన్లలోనే పాత కమిట్ నంబర్లు ఉంటాయి. ఆ నంబరు చేతిలో ఉంటే, సర్వర్ చెత్త ఊడ్చుకునేలోపు, దాన్ని మళ్లీ పైకి లాగొచ్చు. నేను మందు సీసా మూత తీసి మందు పారబోసి సీసా దాచుకున్నట్టు చేశాను.

మాస్టర్‌ను కాపాడింది మా టీములో ఒక అన్న. అప్పటికే ఊరికి బయల్దేరి జమ్మికుంట చేరాడు. ఆయన మధ్యాహ్నమే సర్వర్ నుంచి మాస్టర్ ఒక్కదాన్ని పుల్ చేసుకుని (దించుకుని) ఉన్నాడు. ఫోన్లో విషయం చెప్తే ఒక్క తిట్టు కూడా తిట్టలేదు, అదే ఇంకా బాధ. రాత్రి తొమ్మిదింటికి డాంగిల్ పెట్టి పుష్ చేశాడు. ఆయనకు ఫోర్స్ కూడా అవసరం రాలేదు. నేను వెనక్కి తోసిన చోటు నుంచి ఆయన దగ్గరిది నేరుగా ముందుకు సాగిన దారే కాబట్టి మామూలు పుష్ సరిపోయింది. మూడో బ్రాంచి మాత్రం దక్కలేదు. దాన్ని రాసినావిడ లాప్‌టాప్ ఆ వారమే ఫార్మాట్ అయింది. ఒకటిన్నర రోజు పని. ఆమె మళ్లీ రాసింది. నాకు ఆ తర్వాత ఆమె ఎదురుగా టీ తాగడానికి నెల పట్టింది.

ఆ సంవత్సరం నవంబరులోనే జెంకిన్స్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఇదే తరహా ప్రమాదం ఎన్నో రెట్లు పెద్దగా జరిగింది. ఒక డెవలపర్ దగ్గర నకళ్లు పంపే ఏర్పాటు ఒకటి తప్పుగా అమరి, 180కి పైగా రిపోజిటరీల్లోకి పాత స్థితిని ఫోర్స్‌తో నెట్టేసింది. అక్కడ కారణం వేరు, మ్యాచింగ్ కాదు. వాటిని ఉంచిన గిట్‌హబ్ సైటు వాళ్ల సాయంతో వెనక్కి తెచ్చుకున్నారు. ఆ వార్త చదివిన రోజు నాకు కొంచెం ఊరట కలిగిందని ఒప్పుకుంటున్నాను. సిగ్గుపడాల్సిన ఊరటే.

నేనొక్కణ్నే కాదు కాబట్టే గిట్ తయారుచేసేవాళ్లు కూడా మారారు. 2012లో ‘సింపుల్’ అని కొత్త పద్ధతి తెచ్చారు. దాన్నే ఇకమీద అందరికీ డిఫాల్ట్ చేయబోతున్నామని 1.8 రోజుల్లో పుష్ చేసినప్పుడల్లా తెరమీద ఒక పొడుగాటి హెచ్చరిక వచ్చేది. అది పూర్తిగా చదివినవాణ్ని నేను చూడలేదు. 2014 మే నెలలో గిట్ 2.0 వచ్చాక సింపుల్ డిఫాల్ట్ అయింది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాసిన తొమ్మిదేళ్లకు ఈ ఒక్క మార్పు. లైనక్స్ కెర్నెల్ పనిలో అసలు ఈ గొడవ పెద్దగా ఉండదు. అక్కడ ఎవరి రిపోజిటరీ వాళ్లది, పైనున్నవాళ్లు తమకు కావాల్సింది తామే లాక్కుంటారు. నీ సొంత సర్వర్‌కి నువ్వొక్కడివే పంపేటప్పుడు ఒకే పేరున్నవన్నీ పంపడం సబబే. పదిమంది ఒకే సర్వర్ మీద పడి రాసే మనలాంటి ఆఫీసులకు ఆ చొక్కా సరిపోలేదు.

సింపుల్ ఏం చేస్తుంది? నువ్వు నిలబడ్డ బ్రాంచిని, అదే పేరుతో ఉన్న సర్వర్ బ్రాంచికి మాత్రమే పంపుతుంది. దాని అప్‌స్ట్రీమ్ (దానికి జోడీగా గిట్ రాసుకున్న సర్వర్ బ్రాంచి) పేరు వేరేగా ఉంటే ఆగిపోయి అడుగుతుంది. ఈ రెండో భాగం విలువ చాలామందికి తెలియదు. సర్వర్ మీది యార్డు బ్రాంచి నుంచి నువ్వొక కొత్త బ్రాంచి తీశావనుకో, గిట్ నిన్ను అడగకుండానే దాని అప్‌స్ట్రీమ్‌గా యార్డును రాసుకుంటుంది. ఇప్పుడు పుష్ డాట్ డిఫాల్ట్ ‘అప్‌స్ట్రీమ్’ అని ఉంటే, నీ సగం వండిన ప్రయోగం పేరు మార్చుకుని నేరుగా యార్డులోకి దిగుతుంది. ఎక్కడో చదివి ఆ సెట్టింగ్ పెట్టుకున్న కుర్రాడు మా దగ్గర ఒకడుండేవాడు. అదృష్టం, అది మే నెల, మార్కెట్ ఖాళీ.

కాబట్టి సింపుల్ మంచిదే. మ్యాచింగ్ ముందు అది దేవుడు. మరి నేను నథింగ్ దాకా ఎందుకు పోయానంటే, సింపుల్ ఒక మాట నమ్ముతుంది: మనిషికి తాను ఏ బ్రాంచిలో నిలబడ్డాడో తెలుసని. ఆ నమ్మకం నాకు లేదు. పత్తి సీజన్లో మా పిల్లలు పొద్దున ఒక బ్రాంచిలో మొదలుపెడతారు. పదకొండింటికి దుకాణం నుంచి ఫోన్ వస్తే యార్డులోకి మారి ఒక లైను సరిదిద్దుతారు. భోజనానికి పోతారు. వచ్చి ఉదయం పనే చేస్తున్నామనుకుని యార్డులోనే రాసుకుంటూ పోతారు. నాలుగింటికి కమిట్, పుష్. సింపుల్‌కు దీంట్లో తప్పేమీ కనిపించదు. పేరూ అదే, అప్‌స్ట్రీమూ అదే. పంపేస్తుంది. కమాండు కొట్టే చోట, ప్రాంప్టులో, బ్రాంచి పేరు కనిపించేలా పెట్టుకోవచ్చు కదా అంటారు. మా అందరికీ ఉంది. తొమ్మిది రోజుల పాటు ఎర్రగీతలు చూసి కూడా చూడనివాణ్ని నేను. కంటికి ఎదురుగా ఉన్నది కనిపిస్తుందని నాకు ఎవరూ చెప్పొద్దు.

పేరు చేత్తో రాయడం వేరు. ‘గిట్ పుష్ ఆరిజిన్ హమాలీ-రేటు’ అని (ఆరిజిన్ అంటే మా ఉమ్మడి సర్వర్) కొట్టినప్పుడు నేను ఎక్కడ నిలబడ్డానన్నది పట్టింపే లేదు. యార్డులో నిలబడి ఆ మాట కొట్టినా పోయేది హమాలీ-రేటే. పొరపాటున యార్డులో చేసిన కమిట్ నా లాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది, తర్వాత తీరిగ్గా దాన్ని సరైన చోటికి మార్చుకుంటాను. ఫోర్స్ చేయాల్సి వస్తే ఆ పేరు ముందు ఒక్క కూడిక గుర్తు పెడతాను. ఆ బలం ఆ ఒక్క బ్రాంచి మీదే పడుతుంది. 2013లో నాకు ఈ ఒక్క గుర్తు తెలిసి ఉంటే! దానికన్నా మేలైనది ‘ఫోర్స్ విత్ లీజ్’. నేను చివరిసారి చూసినప్పటి స్థితిలోనే సర్వర్ ఉంటే తప్ప రాయొద్దని దానర్థం. అదీ పూర్తిగా నమ్మలేం. కొన్ని ఎడిటర్లు వెనకాల వాటంతట అవే ఫెచ్ చేస్తుంటాయి, అంటే సర్వర్ మీది కొత్త సంగతులు తెచ్చుకుంటుంటాయి. నువ్వు చూడకుండానే ‘చూశాడు’ అని రాసేసుకుంటాయి. అందుకే 2020 చివర్లో 2.30లో ‘ఫోర్స్ ఇఫ్ ఇంక్లూడ్స్’ అని ఇంకొక కట్టుబాటు తెచ్చారు. తాళానికి తాళం.

మా తాత నీరటి. పరకాల దిక్కు ఒక చిన్న ఊరి చెరువుకు. రెండు తూములు, వాటికింద రెండు వైపులా పొలాలు. ఏ రాత్రి ఎవరొచ్చి “నీళ్లు ఇడువు” అని అడిగినా ఆయన నోటి నుంచి వచ్చేది ఒకే మాట: “ఏ మడికి?” వచ్చినవాడు రోజూ వచ్చేవాడే. వాడి మడి ఎక్కడుందో తాతకు వాడికన్నా బాగా తెలుసు. అయినా అడిగేవాడు. చిన్నప్పుడు నాకు అది ముసలాయన చాదస్తంలాగా ఉండేది. ఒకసారి అదే అడిగితే, “వాని నోట్లెకెళ్లి రావాలె బిడ్డా, రేపు పంచాయితి అయితే నా నోట్లెకెళ్లి వచ్చిందంటడు” అన్నాడు. గిట్ గురించి మాట్లాడుతూ తాతను తీసుకురావడం కొంచెం ఎక్కువే. కానీ నథింగ్ సెట్టింగ్ ఇచ్చే సందేశం చదివినప్పుడల్లా నాకు ఆ గొంతే వినిపిస్తుంది, ఏం చేయను.

ఇప్పుడు ఎదుటివాళ్ల వాదన. నాకు ఎదురైనవాటిలో బలమైనది ఒక్కటే, అది మా టీములోని మేడందే. మేడం అంటారు: “అన్నా, నువ్వు తప్పుగా పోయిన వాటి గురించే ఆలోచిస్తున్నవ్. అసలు పోనివాటి సంగతేంది?” ఆమె లాప్‌టాప్ ఒకసారి కాజీపేట స్టేషన్లో పోయింది. ప్లాట్‌ఫారం బెంచీ మీద పెట్టి నీళ్ల సీసా కొనుక్కుని వెనక్కి తిరిగేసరికి లేదు. దాంట్లో నాలుగు రోజుల పని. పుష్ చేయలేదు, ఎందుకంటే ‘ఇంకా చూపించేలాగా లేదు’. అప్పటినుంచి ఆమె రోజూ సాయంత్రం ఉన్నవన్నీ పంపేస్తుంది. ‘పుష్ ఆల్’ అని ఒకటుంది కదా, నీ దగ్గరున్న బ్రాంచిలన్నీ, సర్వర్ మీద లేనివి కూడా, కొత్తగా పుట్టించి మరీ పంపుతుంది. మ్యాచింగ్‌కు పెద్దన్న.

చాలా రోజులు ఈ వాదనకు నా దగ్గర జవాబు లేదు. ‘జాగ్రత్తగా ఉండాలి’ అనడం జవాబు కాదు కదా. కరెంటు పోతుంది, హార్డ్ డిస్క్ పోతుంది, స్టేషన్లో బ్యాగు పోతుంది. పని పోకూడదు.

నెమ్మదిగా నాకు తట్టింది ఏమిటంటే మేము ఇద్దరం ఒకే కమాండుతో రెండు వేరే పనులు చేయిస్తున్నాం. ఆమెకు పుష్ అంటే దాచుకోవడం. నాకు పుష్ అంటే పదిమంది ముందు పెట్టడం. ఇంట్లో బీరువాలో చీర మడతపెట్టడం, అదే చీర పెళ్లికి కట్టుకోవడం, రెండిట్లోనూ చీర ఒకటే, పని ఒకటి కాదు. ఒకే సర్వర్ మీద రెండు పనులూ పెడితే ఏమవుతుందో మా రిపోజిటరీలో కళ్లారా చూశాం. ఒక దశలో సర్వర్ మీద డెబ్బైకి పైగా బ్రాంచిలు. ‘ట్రయల్’, ‘ట్రయల్-2’, ‘ఫైనల్’, ‘ఫైనల్-నిజంగా’, ‘సోమవారం’. ఏ సోమవారం? ప్రతి పుష్‌కూ టెస్టులు నడిచేలా పెట్టుకున్నాం కాబట్టి మేడం సాయంత్రం ఆరింటికి పుష్ ఆల్ కొట్టగానే పనికిరాని బ్రాంచిలన్నిటికీ టెస్టులు మొదలయ్యేవి. అత్యవసరంగా యార్డుకు వెళ్లాల్సిన సవరణ వాటి వెనకాల క్యూ కట్టి నిలబడేది. ఇంకా ఘోరం ఏమిటంటే, కొత్తగా చేరిన ఒకడు ఆమె సగం వదిలేసిన బ్రాంచి చూసి, ఇదే లేటెస్టు అనుకుని, దాని మీద వారం రోజులు కట్టుకుంటూ పోయాడు. సర్వర్ మీద కనిపించింది కదా అన్నాడు. వాడి తప్పేముంది?

ఈ విషయంలో గిట్‌లాంటిదే ఇంకో సాధనం, మెర్క్యూరియల్, మెరుగని నాకెప్పుడూ అనిపిస్తుంది. అదీ పుష్ అంటే డిఫాల్ట్‌గా అన్నీ పంపేదే. కానీ 2012లో దాంట్లో ఫేజులు అని తెచ్చారు. ఒక కమిట్‌ను ‘సీక్రెట్’ అని గుర్తు పెడితే అది నీ గడప దాటదు, నువ్వు అన్నీ పంపమన్నా సరే. గిట్‌లో అట్లాంటి గుర్తు లేదు. పేరు ఎత్తకపోవడం ఒక్కటే ఇక్కడ దాపరికం.

చివరికి మేం కుదుర్చుకున్నది ఇది. ప్రతి ఒక్కరికీ రెండో రిమోట్ ఒకటి. దానికి ‘అటక’ అని పేరు పెట్టాం. ఎవరి అటక వాళ్లదే, వేరేవాళ్లకు కనపడదు, దాని మీద టెస్టులు నడవవు, దాన్నుంచి దుకాణాలకు ఏదీ దిగదు. అక్కడికి పుష్ ఆల్ కొట్టు, మిర్రర్ కొట్టు, ఫోర్స్ కొట్టు, నీ ఇష్టం. రోజూ సాయంత్రం లాప్‌టాప్ మూసేముందు అటకకు అన్నీ పోతాయి. ఆరిజిన్‌కు మాత్రం పేరు పెట్టి ఒక్కొక్కటే. మేడం దీనికి ఒప్పుకుంది. “ఇన్ని రోజులు గీ ముక్క చెప్పనీకి ఇంత లొల్లి చేసినవ్” అని ఒక మాట కూడా అంది. నిజమే, లొల్లి చేసింది నేనే. ఆమె చెప్పేదాకా నేను పోనివాటి గురించి ఆలోచించలేదన్నది కూడా నిజమే.

అటకకు కూడా వెళ్లకూడనివి ఉన్నాయి. ఇది అన్నిటికన్నా నన్ను భయపెట్టే సంగతి. రెండేళ్ల కిందట ఒక బ్రాంచిలో తక్‌పట్టీ ప్రింటు సరిచూడటానికి మావాడొకడు అసలు డేటా వాడాడు. రైతుల పేర్లు, ఊర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు, అన్నీ ఒక ఫైల్లో. టెస్టు అయిపోయాక ఫైలు తీసేసి ఇంకో కమిట్ చేశాడు, బ్రాంచి పుష్ చేశాడు. ఫైలు తీసేశాను కదా సార్ అన్నాడు. తీసేసింది చివరి కమిట్లో. దాని ముందు కమిట్లో ఆ ఫైలు అట్లాగే కూర్చుని ఉంది. పుష్ చేయడమంటే చివరి రూపాన్ని పంపడం కాదు, ఆ రూపం దాకా నడిచొచ్చిన దారి మొత్తం పంపడం. సర్వర్ మీద బ్రాంచి తుడిచేశాం. అయినా ఆ కమిట్ వెంటనే మాయమవదు, సర్వర్ ఊడ్చుకునేదాకా ఏదో మూల ఉంటుంది. అప్పటికే ఫెచ్ చేసుకున్నవాళ్ల దగ్గర ఉండనే ఉంటుంది. ఏడుగురి లాప్‌టాపులూ ఒక్కొక్కటిగా ముందేసుకుని శుభ్రం చేసేసరికి రాత్రి పదకొండయింది. పాస్‌వర్డు అయితే మార్చేసుకోవచ్చు. రైతు ఖాతా నంబరు ఎవరు మారుస్తారు?

ఆ రాత్రి నుంచి మా దగ్గర ప్రీ పుష్ హుక్ ఒకటి నడుస్తుంది. పుష్ బయల్దేరే ముందు, వెళ్లబోయే కమిట్లన్నిటిలో ఖాతా నంబర్లలాంటి అంకెల వరసలున్నాయేమో వెతుకుతుంది. ఉంటే ఆపుతుంది. పనిచేస్తుంది, కానీ దాన్ని దాటేసే ఆప్షను గిట్‌లోనే ఉంది, అందరికీ తెలుసు. అందుకని సర్వర్ వైపు కూడా యార్డుకు కంచె వేశాం: ఎవరూ ఫోర్స్ చేయలేరు, ఎవరూ తుడిచేయలేరు. ఇదంతా ఉంటే నథింగ్ ఎందుకు అని మళ్లీ అడుగుతారు. కంచె యార్డుకు ఉంది. మిగతా బ్రాంచిలకు మనిషి ఒక్కడే కంచె.

ఈ మధ్య గిట్ ఎటు పోతోందో చూస్తే నా వైపు గాలి లేదని తెలుస్తూనే ఉంది. 2022లో 2.37తో ‘ఆటో సెటప్ రిమోట్’ అని వచ్చింది. అది పెట్టుకుంటే కొత్త బ్రాంచి మొదటిసారి పుష్ చేసేటప్పుడు కూడా పేరు రాయక్కర్లేదు, సర్వర్ మీద అదే పుట్టించుకుంటుంది. అంతకుముందు మొదటిసారైనా పేరు అడిగేది. ఆ అడగడం వల్లే ‘ట్రయల్-2’ అన్న పేరు పదిమంది చూస్తారా అని ఒక్క క్షణం సిగ్గు కలిగేది. డిఫాల్ట్‌గా అది ఆపి ఉంటుంది, అంతవరకు నయం. ఎడిటర్లలోనైతే ఒక బటన్. నొక్కితే పుల్, పుష్ రెండూ అయిపోతాయి. మావాళ్లు దాన్ని ఇష్టంగా వాడతారు. నేను చూసీ చూడనట్టు ఉంటాను, ఏం జేస్తం.

నథింగ్ పెట్టుకోవడం వల్ల నష్టం లేదని అనను. చేతులకు పని ఎక్కువ. పేరు తప్పు కొడితే చిరాకు. పొడుగు పేర్లకు ట్యాబ్ నొక్కి పూర్తి చేసుకోవడం అలవాటైతే మళ్లీ కళ్లు మూసుకుని కొట్టడమే అవుతుంది, అది నాకే రెండుసార్లు జరిగింది. ఒంటరిగా పనిచేసేవాడికి ఈ గోల అక్కర్లేదు, సింపుల్ చాలు. నేను నా సొంత రిపోజిటరీల్లో సింపులే వాడతాను. ఈ మాట మా పిల్లగాడికి ఇంకా చెప్పలేదు.

వాడి సంగతి చెప్పి ఆపేస్తాను. మొన్న ఫిబ్రవరిలో, మిర్చి జోరుగా వస్తున్న రోజుల్లో, వాడి దగ్గర రెండు బ్రాంచిలు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి హమాలీ రేటు మారినందుకు లెక్క సవరణ. ఇంకొకటి తక్‌పట్టీ మీద ‘ల్ల’ ఒత్తు కిందిలైనులో గుద్దుకుంటోందని ఫాంటు సవరణ. దానికోసం పాపం మూడు రోజులు కూర్చున్నాడు. ‘గిట్ పుష్ ఆరిజిన్’ దాకా కొట్టి ఆగాడు. కర్సరు ఆడుతోంది. నా వైపు తిరిగాడు.

“సార్, ఏది పంపాలె?”

“నువ్వే చెప్పు.”

కొద్దిసేపు తెర చూశాడు. తర్వాత లేచి బయటికెళ్లి దుకాణానికి ఫోన్ చేశాడు. ప్రింటర్‌లో కొత్త ఫాంటు వేయాలంటే అరగంట మిషను ఆపాలట, అటువైపు మునీం ఒకటే మాట అన్నాడట, “ఇప్పుడా? వాకిట్ల నలభై బండ్లున్నయి బిడ్డా.” వచ్చి కూర్చుని హమాలీ రేటు పేరు కొట్టాడు. ఫాంటు బ్రాంచి ఆ సాయంత్రం అటక ఎక్కింది. ఏప్రిల్ దాకా అక్కడే ఉంటుంది. అప్పటిదాకా కొత్తపల్లి నుంచి వచ్చినా మల్లంపల్లి నుంచి వచ్చినా, రైతు తక్‌పట్టీ మీద ఊరి పేరు కింద ఒత్తు గుద్దుకునే కనిపిస్తుంది.